లార్కిన్ ఇంటి సొరుగుల బీరువా: మెహిటబెల్ స్లోకం ఆఖరి మాట

రోడ్ ఐలండ్ రాష్ట్రం, న్యూపోర్ట్ పట్టణం, పాయింట్ పేటలో కాపురముంటున్న మెహిటబెల్ స్లోకం అనే నేను, కీర్తిశేషుడైన వడ్రంగి ఎలీషా స్లోకం భార్యను, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి ప్రోద్బలమూ బెదిరింపూ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. కాళ్ళకు నీరు పట్టింది. ఎడమ చెవి వినపడదు. ఈ శీతాకాలం దాటుతానన్న ఆశ లేదు. బుద్ధికి మాత్రం ఏ లోపమూ లేదు. ప్రమాణం చేసి చెప్పమంటారేమో, చెయ్యను. నేను క్వేకర్లనే క్రైస్తవ శాఖవారి ఇంట్లో పుట్టినదాన్ని. మా వాళ్ళు దేవుడి మీద ఒట్టు పెట్టరు. మా సభ నన్ను వెలివేసి ఇరవై ఏళ్ళు దాటినా ఆ అలవాటు పోలేదు. నేను అవునంటే అవును, కాదంటే కాదు.

ఇంతకు ముందు నేను రాసినవి, రాశానని ఎవరైనా చూపించేవి ఇందుమూలంగా రద్దు.

ఒకటి. ఈ వీలునామాను అమలు జరిపే పూర్తి అధికారం హుల్డాకు ఇస్తున్నాను. హుల్డా అంటే జాబెజ్ కోరీ కూతురు. ఆ పేరు వినగానే, వీలునామాలు చదివే ఊరి కౌన్సిల్ గదిలో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారని తెలుసు. ఎలీషాను గొడ్డలితో నరికింది జాబెజ్ కోరీయే కదా అనుకుంటారు. అవును, వాడే. చదవడం ఆపవద్దు.

రెండు. పాయింట్ పేటలోని నా ఇల్లు, దానిని ఆనుకుని ఉన్న పనిశాల, వాటి కింది నేల సహా, హుల్డాకు దాన విక్రయాది సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. పనిబల్లలు లేవు, యుద్ధంలో ఇంగ్లీషు సైన్యం పొయ్యిలో పెట్టుకుంది. రంపాలు, తోపడాలు, బిగింపులు, సరేసు కాచే రాగి గిన్నె ఉన్నాయి. వెడల్పు ఉలి ఒకటి గుడ్డలో చుట్టి గూట్లో పెట్టాను. అది ఏం చేసిందో నీకు తెలుసు హుల్డా. పదును పోలేదు, వాడుకో.

మూడు. కెప్టెన్ గాడ్‌ఫ్రీ లార్కిన్ గారి సొరుగుల బీరువా విషయం. నా ఆస్తిలో అలాంటి బీరువా ఏదీ లేదు. దానిని నేను ఇంగ్లీషు దొరకు అమ్ముకున్నానని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. ఆ మాట పుట్టించింది కౌన్సిల్ అధ్యక్షులు పెలెగ్ గ్రిన్నెల్ గారు. కనుక ఆ బీరువా ఎలా పుట్టిందో, ఎలా పోయిందో ఇక్కడ రాయక తప్పదు.

ఈ ఊళ్ళో ఓడ ఒకటి లాభంతో తిరిగొస్తే యజమాని మొదట చేయించేది బీరువా. వీధి తలుపు తియ్యగానే మనిషి ముఖం కంటే ముందు అది కనపడాలి. సొరుగుల్లో ఏముందని ఎవరూ అడగరు. ఎంత ఎత్తు, ఏ కొయ్య, సొరుగుల ముందు ఎన్ని ఆల్చిప్ప బొమ్మలు చెక్కారు అన్నదే లెక్క. కెప్టెన్ లార్కిన్ తన ఓడలోనే హోండురస్ నుంచి మహాగని దుంగలు తెప్పించి మా పనిశాల ముందు దింపించాడు. పెలెగ్ గ్రిన్నెల్ ఇంట్లో ఉన్నదానికంటే ఎత్తుగా ఉండాలి అన్నాడు. అంతకు మించి ఆ పని గురించి ఒక్క ప్రశ్న అడగలేదు.

కొయ్య కొలిచి కోసి అతికించింది ఎలీషా. అవిసె నూనె పట్టించి, గుడ్డతో రుద్ది, కొయ్య లోపలి ఎరుపు పైకి తెచ్చింది నేను. ఆల్చిప్పలు చెక్కింది జాబెజ్ కోరీ. మా దగ్గర చాలా కాలం పనిచేశాడు. మాటకు ముందు కోపం వచ్చే మనిషి. ఉలి పట్టుకుంటే మాత్రం ఊపిరి కూడా మెల్లగా తీసేవాడు. నడి సొరుగు మీది ఆల్చిప్ప పూర్తయిన రోజు ఎలీషా దాని మీద అరచెయ్యి ఆనించి, ఇది నా చేత కాదు, ఈ దేశంలో ఇంకెవరి చేతా కాదు అన్నాడు. ఊళ్ళో అందరికీ అదే చెప్పాడు. అలాంటివి దాచుకునే మనిషి కాదు.

బీరువా ఇంట్లో దిగాక కెప్టెన్ విందు చేశాడు. జాబెజ్ ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాడు. తిండి కోసం కాదు. ఆ హాల్లో కిటికీ వెలుతురు ఆల్చిప్పల మీద ఎలా పడుతుందో చూడాలని. ముందు గుమ్మంలోంచి లోపలికి నడిచి బీరువా ఎదుట నిలబడ్డాడు. అప్పుడు లార్కిన్ ఇంట్లో బానిసగా వంట చేస్తున్న క్వాకో పళ్ళెం పట్టుకుని అక్కడే ఉన్నాడు. జరిగింది నాకు చెప్పింది అతనే.

ఎవడు వీడు అని కెప్టెన్ అడిగాడు. జాబెజ్ టోపీ తీసి, "ఈ ఆల్చిప్పలు చెక్కింది నేనేనండి" అన్నాడు.

"అయితే? పందిని కాల్చినవాణ్ణి కూడా తెచ్చి బల్ల దగ్గర కూర్చోబెట్టమంటావా?"

అతిథులు నవ్వారు. జాబెజ్ కదల్లేదు. కదలకపోయేసరికి కెప్టెన్ చేతికర్రతో ముఖం మీద కొట్టాడు. ముక్కు పగిలింది. నౌకర్లు కాళ్ళు పట్టుకుని వెనక గుమ్మం దాకా ఈడ్చి మెట్ల మీదికి తోశారు. నవ్వినవాళ్ళలో పెలెగ్ గ్రిన్నెల్ గారు ఉన్నారు. తనకంటే ఎత్తయిన బీరువా చూసి అప్పటిదాకా ముళ్ళ మీద కూర్చున్నట్టున్నారు. విందు మధ్యలో లేచి, వెనక మెట్ల దగ్గర నెత్తురు తుడుచుకుంటున్న జాబెజ్‌ను తన బండిలో ఎక్కించుకుని తన ఇంటికే తీసుకెళ్ళారు.

ప్రతి కాగితం మీదా ఇంగ్లండు రాజుగారి స్టాంపు పన్ను వచ్చిన ఏడాది, ఆ పన్ను వసూలుకు ఒప్పుకున్నవాళ్ళలో కెప్టెన్ లార్కిన్ ఒకడు. ఊరంతా వాడి మీద మండిపడింది. మా ఇంట్లో కూడా ఆ పన్ను మంచిదని ఎవరూ అనలేదు. వేసవి ఉక్కకు కొయ్య ఉబ్బి బీరువా సొరుగు ఒకటి బిగుసుకుపోయిందని కబురొస్తే, ఆ సాయంత్రం ఎలీషా తోపడా, ఉలి, కొయ్యసుత్తి సంచిలో వేసుకుని బయల్దేరాడు. చిత్రిక పట్టాక నూనె రాయాలి గనక నేనూ వెళ్ళాను. మేము చేరేసరికే కెప్టెన్ పెళ్ళాం బిడ్డలతో రేవులో ఉన్న రాజుగారి ఓడ ఎక్కేశాడు. ఇంట్లో క్వాకో ఒక్కడే ఉన్నాడు. మేము సొరుగులన్నీ లాగి నేల మీద పరిచాం. అంతలో వీధి చివర అరుపులు వినిపించాయి.

వంటింటి గుమ్మంలోంచి పోదామన్నాను. ఎలీషా సొరుగులు తిరిగి లోపల పెట్టడం మొదలుపెట్టాడు. వాళ్ళంతా మనవాళ్ళే మెహిటబెల్, చెప్తే వింటారు అన్నాడు.

వాళ్ళు తలుపు తట్టలేదు. దూలంతో బద్దలుకొట్టారు. ముఖాలకు మసి పూసుకున్నారు గానీ ఇరవై ఏళ్ళు ఒకే వీధిలో ఉన్నవాళ్ళని నడకను బట్టి ఎవరైనా గుర్తుపడతారు. అద్దాలు పగలగొట్టారు. పింగాణీని కిటికీల్లోంచి విసిరారు. ఈకల పరుపులు చీల్చారు. గది నిండా ఈకలు, సారా కంపు. కుర్చీ కాళ్ళు విరిచి ఆ కాళ్ళతోనే మిగతా కుర్చీలు కొట్టారు. నా జుట్టు పట్టుకుని ఎవడో గోడకేసి కొట్టాడు. ఆ గోల మధ్యలోంచి జాబెజ్ కొత్త గొడ్డలి పట్టుకుని తిన్నగా బీరువా దగ్గరికి వచ్చాడు. మొదటి దెబ్బకు పై ఆల్చిప్ప రెండుగా చీలింది. ఎలీషా బీరువాకు వీపు ఆనించి చేతులు చాచాడు.

జాబెజ్ పళ్ళు బిగించి, "పక్కకు జరుగు ఎలీషా. నేను చెక్కాను, నేనే పగలగొడతాను" అన్నాడు.

"తాగున్నావురా. రేపు తెలివొచ్చాక నువ్వే ఏడుస్తావు."

గొడ్డలి ఎలీషా మెడకూ భుజానికీ మధ్య దిగింది. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. జాబెజ్ కొట్టాలనుకున్నది కొయ్యనో మనిషినో నాకు తెలియదు. నేనప్పుడు అది ఆలోచించలేదు. గొడ్డలి ఊడబెరకడానికి వాడు కుడిచెయ్యి బీరువా పక్కచెక్కకు ఆనించాడు. సంచిలోంచి ఉలి తీసి వాడి చేతి మీద నిలబెట్టి కొయ్యసుత్తితో కొట్టాను. ఉలి చేతిలోంచి పోయి చెక్కలో దిగింది. ఊడిరాకుండా మళ్ళీ కొట్టాను. వాడు అక్కడే వేలాడుతూ అరుస్తున్నాడు. పక్కన ఒకడు వాడి కాళ్ళ మధ్యలోంచి సొరుగు లాక్కుని భుజాన వేసుకుపోయాడు.

ఊడిన తలుపు రెక్క మీద ఎలీషాను వేసి ఒక వైపు క్వాకో, ఒక వైపు నేను పట్టుకుని బయటికి తెచ్చాం. గేటు ముందు బండి, బండి మీద సారా పీపా, పీపా పక్కన పెలెగ్ గ్రిన్నెల్ గారు. ముఖానికి మసి పూసుకోలేదు, అవసరం లేదనుకున్నారు. వచ్చినవాడికల్లా తన చేత్తో సారా పోస్తున్నారు. బండిలో ఇంకా కొత్త గొడ్డళ్ళున్నాయి. ఎలీషా నెత్తురు తలుపు మీంచి కారి నా బూట్లలోకి దిగుతోంది. ఆయన చూశారు.

"ఆడవాళ్ళకు ఇక్కడేం పని. ఇంటికి పో తల్లీ" అన్నారు.

ఎలీషా తెల్లవారుజామున పోయాడు. పోయే ముందు ఒకసారి తెలివి వచ్చింది. నా పేరు పిలవలేదు. "జాబెజ్ చెయ్యి ఎలా ఉంది? కట్టు సరిగ్గా కట్టారా? అలాంటి చెయ్యి మళ్ళీ దొరకదు" అన్నాడు. కట్టారని అబద్ధం చెప్పాను. కట్టారో లేదో నాకు తెలియదు.

చావు మీద విచారణకు పన్నెండుమంది కూర్చున్నారు. జాబెజ్ పేరు చెప్పాను. పెలెగ్ గ్రిన్నెల్ పేరు, సారా, గొడ్డళ్ళు, అన్నీ చెప్పాను. భార్య దుఃఖంలో ఉంది, ఆమె మాట పట్టించుకోనక్కరలేదన్నారు. క్వాకో చెప్పబోతే, బానిస సాక్ష్యం చెల్లదన్నారు. చేతికి కట్టుతో జాబెజ్ ఆ గదిలోనే చివరి బెంచీ మీద ఉన్నాడు. వాడి వైపు ఒక్కరూ తలతిప్పలేదు. వాణ్ణి నిలదీస్తే ఆ సాయంత్రం మీరెక్కడున్నారని తమనూ అడుగుతారని వాళ్ళకు తెలుసు. ఎవరో ముక్కూముఖం తెలియనివాళ్ళ చేతుల్లో చనిపోయాడని రాసి సంతకాలు పెట్టారు.

మా సభ పెద్దలు మాత్రం నన్ను మరిచిపోలేదు. ఇంటికి వచ్చి, మనిషి చేతిలో ఉలి దించినందుకు చింతిస్తున్నానని ఒక్క మాట చెప్పు, సభలోనే ఉండు అన్నారు. చెప్పలేదు. వెలివేశారు. ఇప్పుడూ చెప్పను.

నాలుగు. పనిశాల వెనక రేవు వరకు ఉన్న సన్నటి నేల, దాని చివరి పడవ మెట్లు సహా, ఇంగ్లీషువాళ్ళ మీద యుద్ధంలో పోరాడి స్వేచ్ఛ సంపాదించుకున్న పై క్వాకోకు సర్వహక్కులతో ఇస్తున్నాను. ఎలీషా గోధుమరంగు ఉన్ని కోటు కూడా. లార్కిన్ మనుషులు బీరువా చెక్కలు వీధిలో పారబోస్తే నాతో కలిసి వాటిని బండికెత్తింది అతనే. సొరుగులు ఊరంతా చెదిరిపోయాయి. ఒకరింట్లో కోడి పొదుగుతోంది. ఒకరింట్లో పిండి పోసుకున్నారు. పాదిరిగారింట్లో బైబిలు పెట్టారు. ప్రతి ఇంటికీ వెళ్ళి, సొరుగు ఖాళీ చేసి చంకన పెట్టుకుని వచ్చాను. ఒక్కరూ అడ్డురాలేదు. పెలెగ్ గారి భార్య కుట్టుపని గదిలో ఉన్న సొరుగు కోసం మాత్రం క్వాకో కూడా రావలసి వచ్చింది.

ఈ నేల తన గోదాముకు దారి కోసం పెలెగ్ గ్రిన్నెల్ గారు ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నారు. ఆయనకు గానీ, ఆయన వారసులకు గానీ, ఆయన పేరు మీద వచ్చేవారికి గానీ ఇది అమ్మడానికి వీల్లేదు. ఇకమీదట ఆయన పడవ దగ్గరికి పోవాలంటే టోపీ తీసి క్వాకోను అడగాలి.

ఐదు. నేను ఆ బీరువాను తిరిగి నిలబెట్టాను. ఎలీషా పక్కన కూర్చుని చూసిందంతా చేతికి వచ్చింది. ఉలి దిగిన కంత పూడ్చలేదు. చీలిన ఆల్చిప్పను సరేసుతో అతికించాను గానీ గీత కనపడుతూనే ఉంది. కుర్చీలు, శవపేటికలు చేసి బతికాను. బీరువాను ముందు గదిలో పెట్టాను. తలుపు తీస్తే వీధిలో పోయేవాళ్ళకు కనపడేది. తలుపు తీసే ఉంచేదాన్ని.

జాబెజ్ చెయ్యి పక్షి గోళ్ళలా ముడుచుకుపోయింది. మళ్ళీ ఉలి పట్టలేదు. ఎడమచేత్తో సముద్రపొడ్డున తినే ఆల్చిప్పలు ఏరి అమ్మేవాడు. నేను ఎదురైతే బురదలోకి దిగి దారి ఇచ్చేవాడు. శీతాకాలంలో అప్పుడప్పుడు నా గుమ్మంలో బుట్టెడు ఆల్చిప్పలుండేవి. ఎవరు పెట్టారో తెలుసు. తీసుకెళ్ళి సముద్రపు కాకులకు పోసేదాన్ని. బుట్ట తిరిగి గుమ్మంలో పెట్టేదాన్ని.

ఆరు. యుద్ధం వచ్చి ఇంగ్లీషు సైన్యం ఊళ్ళో దిగింది. చెట్లు కొట్టారు, కంచెలు పీకారు, ఖాళీ ఇళ్ళను దూలాలతో సహా కాల్చారు. నా ఇంట్లో ఒక దొరను పెట్టారు. అతను బీరువా చూసి మతిపోయినట్టు నిలబడ్డాడు. సుద్దముక్కతో దాని మీద తన పేరు రాసి, యుద్ధం అయ్యాక ఓడెక్కించి మా ఊరు తీసుకెళ్తాను, దీని జోలికి ఎవరొచ్చినా చంపుతాను అన్నాడు. అందుకే అది అన్నాళ్ళు నిలిచింది.

పెద్ద మంచుతుఫాను పట్టిన ఆ డిసెంబరులో జాబెజ్ కూతురు హుల్డా నిండు చూలాలు. ఆమె భర్త శత్రువుల చెర ఓడలో ఉన్నాడు. పొయ్యిలోకి చెక్క లేక జాబెజ్ విరిగిన రేవు పలకలు లాగుతుంటే సిపాయి చూసి వదలమన్నాడు. వదల్లేదు. తుపాకీ మడమతో దవడ పగలగొట్టాడు. అప్పటికీ పలక వదలకపోతే కత్తి దించాడు. శవం మంచుకు గడ్డకట్టింది. హుల్డా వీధిలో తలుపులన్నీ తట్టింది. ఎవరూ తియ్యలేదు. మధ్యాహ్నానికి నా గుమ్మంలోకి వచ్చి గోడ పట్టుకుంది. నొప్పులు మొదలైపోయాయి.

"మా నాన్న మీకు చేసింది నాకు తెలుసు. అయినా వెళ్ళడానికి నాకు ఇంకో గుమ్మం లేదు" అంది.

"గుమ్మంలో నిలబడితే చలి లోపలికొస్తుంది. రా" అన్నాను.

దొర ఊరి బయట కాపలాలో ఉన్నాడు. ఇంట్లో కాల్చదగ్గది ఏమీ మిగల్లేదు, ఆ బీరువా తప్ప. గొడ్డలి తెచ్చాను. నా చేత్తో అతికించినవాటినే నా చేత్తో పగలగొట్టాను. వెనక చెక్కలు, కాళ్ళు, పై కమాను. ఉలి కంత ఉన్న పక్కచెక్కను ఒక్క దెబ్బకు రెండు చేశాను. ఎలీషా నెత్తురు ఇంకిన చోటు కూడా పొయ్యిలోకే పోయింది. మహాగని తొందరగా అంటుకోదు, అంటుకుంటే తొందరగా ఆరదు. హుల్డా కేకలకు నా గొడ్డలి చప్పుడు తోడయింది. ఆ రాత్రీ పగలూ ఆ ఇంట్లో చలి లేదు. తల్లీ బిడ్డా బతికారు. ఆడపిల్ల. రోబీ అని పేరు పెట్టాం. ఉయ్యాల లేదు గనక నడి సొరుగులో ఈకలు పరిచి పడుకోబెట్టాను. కనుకే ఆ సొరుగు మిగిలింది.

దొర తిరిగొచ్చి పొయ్యి చూశాడు. కత్తి ఒరతో తల మీద కొట్టాడు. కింద పడ్డాక బూటుకాలితో చెవి మీద తన్నాడు. ఎడమ చెవి అలా పోయింది. బీరువా అమ్ముకున్న సొమ్ము ఎక్కడ దాచానని అడిగేవాళ్ళకు ఇదే జవాబు.

ఏడు. పెలెగ్ గ్రిన్నెల్ గారికి, ఆ బీరువాను తన హాల్లో పెట్టుకోవాలని యుద్ధానికి ముందు నా దగ్గరికి మళ్ళీ మళ్ళీ మనుషుల్ని పంపినందుకు, బూడిదలోంచి ఏరిన ఇత్తడి పిడి ఒకటి ఇస్తున్నాను. కొంచెం వంగింది. దేనికి బిగించుకుంటారో ఆయన ఇష్టం.

ఎనిమిది. నడి సొరుగు, దాని ముందు చెక్కిన ఆల్చిప్పతో సహా, రోబీకి. అది మీ తాత చెక్కింది తల్లీ. దాన్ని గోడకు వేలాడదీసి చూపించుకోవద్దు. బట్టలు పెట్టుకో. ఉక్కకు బిగుసుకుంటే ఎడమ అంచు కొంచెం చిత్రిక పట్టించు.

తొమ్మిది. ఎలీషా సభవారి శ్మశానంలో ఉన్నాడు. నన్ను అక్కడ పెట్టనివ్వరు. ఊరి శ్మశానంలో జాబెజ్ కోరీ పక్కన చోటు ఖాళీగా ఉంది, అక్కడ పెట్టమంటారా అని హుల్డా అడిగితే సరేనన్నాను. పెట్టె పైన్ చెక్కతో చాలు.

పది. ఈ వీలునామాను కౌన్సిల్ గదిలో, తలుపులు తెరిచి, పెద్ద గొంతుతో, ఒక్క అంశమూ వదలకుండా చదవాలి. అధ్యక్షులవారు మధ్యలో లేచి బయటికి వెళ్తే, ఆయన తిరిగి వచ్చి కూర్చునేదాకా ఆగి, మూడో అంశం మళ్ళీ మొదటినుంచి చదవాలి. హుల్డా, ఆ రోజు రోబీని వెంట తీసుకురా. చిన్నపిల్ల అని ఇంట్లో వదలొద్దు. గొడ్డలి సంగతీ ఉలి సంగతీ రేపు వీధిలో ఎవరో వాళ్ళకు తోచినట్టు చెప్తారు. అంతకంటే ముందు నేను చెప్పింది విననీ. భయపడితే నీ చెయ్యి పట్టుకోనీ. చివరిదాకా కూర్చోబెట్టు.

పైన రాసినదంతా నా ఇష్టప్రకారమే అని ఒప్పుకుంటూ, పదిహేడు వందల ఎనభై ఆరో సంవత్సరం, పదో నెల, పద్నాలుగో రోజున, న్యూపోర్ట్‌లోని నా ఇంట్లో సంతకం చేస్తున్నాను.

మెహిటబెల్ స్లోకం

ఆమె మా కళ్ళముందు, మేమందరం ఒకే గదిలో ఉండగా, సంతకం చేసినట్టు ఎరిగిన సాక్షులు:

ఒబడయా ట్రిప్, పడవల తయారీ
కెజియా వీడెన్, మంత్రసాని
బారక్ స్పూనర్, తాళ్ళు పేనేవాడు (రాయడం రాదు, గుర్తు పెట్టాడు)